అమీర్‌పేటలో కొరియన్ కోర్సుకు డబ్బు కట్టబోతున్నారా? ఒక్క పది నిమిషాలు ఆగండి

పోయిన ఏడాది అమీర్‌పేటలో, మైత్రీవనం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక కోచింగ్ సెంటర్‌లో కొరియన్ కోర్సుకు 45,000 రూపాయలు కట్టాను. దానికి నాకు దక్కింది ఒక జిరాక్స్ పుస్తకం, మూడు నెలల అరకొర క్లాసులు, నా పేరు మీద ఒక లోన్. సెంటర్ పేరు రాయను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా బోర్డు మార్చుకోవడం వాళ్లకు రెండు రోజుల పని. అందుకే వాళ్ల పద్ధతి ఎలా ఉంటుందో చెబుతాను.

కొరియన్ ఎందుకు అని మా హాస్టల్‌లో అందరూ అడిగారు. మాది హిందూపురం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక మా వైపు హైవే ముఖమే మారిపోయింది. కొరియన్ అక్షరాల బోర్డులు, కొరియా వాళ్ల కోసం గెస్ట్‌హౌస్‌లు, హోటళ్లు. మా పిన్ని కొడుకు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో ఉన్నాడు. "అక్కా, ఇక్కడ ట్రాన్స్‌లేటర్లు దొరకడం లేదు. వాళ్లకున్న మర్యాద మా ఇంజినీర్లకు కూడా లేదు" అని వాడు అన్నప్పటి నుంచి నా బుర్రలో అదే తిరిగేది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఇంకెన్నాళ్లుంటాం, భాష వస్తే ఇంటి దగ్గరికే వెళ్లిపోవచ్చు కదా అనుకున్నాను. మా బ్యాచ్‌లో సగం మంది కొరియన్ సీరియళ్ల పిచ్చితో, పాటల పిచ్చితో వచ్చినవాళ్లు. అప్పుడు లోలోపల నవ్వుకున్నాను. తర్వాత సొంతంగా అందరికంటే ముందు నేర్చుకున్నది వాళ్లే.

డెమో క్లాస్ అదిరిపోయింది. ఏసీ గది, గోడకు సియోల్ ఫొటోలు, స్క్రీన్ మీద వీడియో కాల్‌లో ఒక కొరియా అమ్మాయి. ఇరవై నిమిషాలు మాతో "అన్యోంగ్ హసెయో" అనిపించింది. ఆ అమ్మాయిని మళ్లీ ఎప్పుడూ చూడలేదు. డెమో అవగానే కౌన్సెలర్ పక్కకు పిలిచి, "ఆరు నెలల్లో టోపిక్ లెవెల్ 4 గ్యారంటీ మేడమ్, ఆ తర్వాత జాబ్ మా బాధ్యత" అన్నాడు. ఆ రోజే కడితే 60,000 కోర్సు 45,000కే అట.

ఆ గ్యారంటీ దగ్గరే నేను కాగితం తీసి లెక్క వేసుకోవాల్సింది. టోపిక్ అంటే కొరియా ప్రభుత్వ సంస్థ పెట్టే భాషా పరీక్ష. మొదటి పేపర్‌లో లెవెల్ 1, 2 ఉంటాయి, రెండో పేపర్‌లో 3 నుంచి 6 దాకా. మొదటిది 200 మార్కులకు, 80 వస్తే లెవెల్ 1, 140 వస్తే లెవెల్ 2. వినడం, చదవడం మాత్రమే. రెండోది 300 మార్కులకు, అందులో రాయడం కూడా ఉంటుంది, లెవెల్ 4 కావాలంటే 150 రావాలి. కొరియాలో యూనివర్సిటీల భాషా కేంద్రాలు సాధారణంగా ఒక్కో లెవెల్‌కు పది వారాలు, మొత్తం 200 గంటలు చెబుతాయి. మా సెంటర్‌లో వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర. ఆరు నెలలు ఒక్క క్లాసు కూడా పోకుండా జరిగినా 117 గంటలు. అంటే ఆ యూనివర్సిటీల లెక్కలో ఒక్క లెవెల్‌కు కూడా చాలదు. కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లే విద్యార్థులు అక్కడే ఉండి, ఏడాది పాటు అదే పనిగా చదివి అందుకోవాల్సింది లెవెల్ 3. మేము ఆఫీసు అయ్యాక, సమోసా తింటూ, అమీర్‌పేటలో కూర్చుని ఆరు నెలల్లో లెవెల్ 4 కొట్టేస్తామట!

ఇక క్లాసులు. మొదటి రోజు జిరాక్స్ పుస్తకం ఇచ్చారు. తెరిస్తే ఒక్క కొరియన్ అక్షరం లేదు, అంతా తెలుగు లిపిలోనే. "నమస్కారం: అన్యోంగ్ హసెయో. థాంక్స్: కంసాహమ్నిదా." ముప్పై రోజుల్లో హిందీ పుస్తకాలు ఉంటాయి చూడండి, అలాగ. అక్షరాలు ఎప్పుడు చెబుతారని అడిగితే, "అవి అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో వస్తాయి" అన్నారు. నాకు అప్పుడు తెలియదు కాబట్టి తలూపాను. ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతున్నాను. అక్షరాలతో మొదలుపెట్టని కొరియన్ క్లాసు అయితే రెండో రోజే బయటికి వచ్చేయండి.

ఎందుకంటే ఆ లిపి అంత తేలిక. సెజోంగ్ అనే రాజు 1446లో జనం అందరూ చదవగలగాలని ప్రకటించిన లిపి అది, పేరు హంగుల్. మూల అక్షరాలు 24: హల్లులు 14, అచ్చులు 10. మనకు గుణింతం ఉన్నట్టే వాళ్లకూ హల్లును అచ్చుతో కలిపే పట్టిక ఉంటుంది. మన ఒత్తు కింద కూర్చున్నట్టు వాళ్లకూ ఒక హల్లు అడుగున కూర్చుంటుంది, దాన్ని బత్చిమ్ అంటారు. గుణింతం దిద్దిన తెలుగు పిల్లలకు అది రెండు మూడు రోజుల పని. వాక్యం కూడా మనదే అన్నట్టు ఉంటుంది. "నానున్ పబుల్ మొగొయో" అంటే నేను, అన్నాన్ని, తింటాను. అదే వరస. మన విభక్తుల్లాగే పదం చివర చిన్న తోక తగిలిస్తారు. పెద్దవాళ్లను తిన్నావా అనకుండా భోంచేశారా అంటాం కదా, వాళ్లకూ తినడానికి మర్యాద మాట వేరే ఉంది. ఇంగ్లిష్ మీడియం వాళ్లు వ్యాకరణం దగ్గర తలబాదుకునే చోట మనం హాయిగా దాటిపోతాం.

తేడా వచ్చేది ఉచ్చారణ దగ్గర. చందమామ, కూతురు, మాస్క్ అనే మూడు మాటలకు కొరియన్‌లో మూడు వేర్వేరు "త"లు ఉన్నాయి, ఒకటి మెత్తగా, ఒకటి గొంతు బిగించి, ఒకటి గాలి వదిలి. మా జిరాక్స్ పుస్తకంలో మూడింటికీ "తాల్" అనే ఉంది. అచ్చుల్లో అయితే అ, ఒ మధ్య ఒకటి, ఉ, ఇ మధ్య ఒకటి, మన లిపిలో వాటికి చోటే లేదు. మూడు నెలలు తెలుగు లిపిలో బట్టీ పట్టిన ఉచ్చారణ వదిలించుకోవడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది.

పాఠం చెప్పే అమ్మాయిని తిట్టబుద్ధి కాదు. నాకంటే మూడేళ్లు చిన్న. ఒకరోజు లిఫ్ట్ దగ్గర, "అక్కా, నాది లెవెల్ 2 మాత్రమే. పుస్తకం వాళ్లే ఇచ్చారు, రెండు నెలలుగా జీతం కూడా లేదు" అంది. మరుసటి వారం నుంచి రాలేదు. 22 మందితో మొదలైన బ్యాచ్ అప్పటికి ఏడుగురికి వచ్చింది. తర్వాత వాట్సాప్‌లో రికార్డింగ్‌లు పంపారు, తర్వాత అవీ ఆగిపోయాయి.

అంతకు ముందే ఒక శనివారం మా తమ్ముడు పట్టుబట్టి నన్ను వాళ్ల కంపెనీకి తీసుకెళ్లాడు, ట్రాన్స్‌లేటర్ ట్రైనీగా చూస్తారేమోనని. కొరియా మేనేజర్ యాభై ఏళ్లాయన, చాలా మర్యాదస్థుడు. నా అన్యోంగ్ హసెయోకి నవ్వుతూ వంగి నమస్కారం పెట్టి, టేబుల్ మీదున్న ఒక ఎర్ర ట్యాగ్ నా ముందుకు జరిపాడు. దాని మీద రెండంటే రెండు అక్షరాలు. చదవమన్నట్టు వేలు పెట్టి చూపించాడు. నేను ఆ ట్యాగ్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఆయన ఏమీ అనలేదు, నాకు టీ తెప్పించాడు. బయటికొచ్చాక మా తమ్ముడు నెమ్మదిగా చెప్పాడు, "అది బుల్ల్యాంగ్ అక్కా. అంటే డిఫెక్ట్ పీస్. ఇక్కడ హెల్పర్లకు కూడా తెలుసు." 45 వేల కోర్సులో ఆ మాట లేదు.

మా బ్యాచ్‌లో జగిత్యాల అబ్బాయి ఒకడు నాకంటే పెద్ద గుంటలో పడబోయి తప్పించుకున్నాడు. అతనికి "కొరియా ఫ్యాక్టరీలో ఉద్యోగం, నెలకు రెండు లక్షలు, ఈపీఎస్ టోపిక్ రాస్తే చాలు, ప్రాసెసింగ్‌కు లక్షన్నర" అని చెప్పారు. వాళ్ల నాన్న ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చినవాడు, ఏజెంట్ల వాసన దూరం నుంచే పసిగడతాడు. ఆరా తీస్తే తేలింది ఇదీ: ఈపీఎస్ అనేది అక్కడి ఫ్యాక్టరీల్లాంటి చోట్లకు కార్మికులను తీసుకోవడానికి కొరియా ప్రభుత్వం నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ లాంటి కొన్ని దేశాల ప్రభుత్వాలతో నేరుగా చేసుకున్న ఒప్పందం, దానికోసం పెట్టే భాషా పరీక్షే ఈపీఎస్ టోపిక్. ఆ జాబితాలో ఇండియా లేదు. మధ్యలో ప్రైవేటు ఏజెంటుకు పనే లేదు. విదేశీ ఉద్యోగం పేరుతో ఎవరు డబ్బు అడిగినా, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వాళ్ల రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సర్వీస్ చార్జీగా 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు.

ఇప్పుడు లోన్ సంగతి, అసలు కడుపుమంట ఇదే. నా దగ్గర 5,000 ఉంటే, "మిగతాది ఈజీ ఇన్‌స్టాల్‌మెంట్స్ మేడమ్, వడ్డీ లేదు" అన్నారు. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ, ఒక ఓటీపీ. అంతా ఐదు నిమిషాలు. సెంటర్‌కే నెలనెలా కడుతున్నాననుకున్నాను. మర్నాడు ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి మెసేజ్: మీ 40,000 లోన్ మంజూరైంది. పది నెలలు, నెలకు 4,000, ఐదో తారీఖున ఖాతాలోంచి దానంతటదే పోతుంది. క్లాసులు ఆగిపోయాక ఫోన్ చేస్తే, "మేడమ్, మేము సెంటర్‌కు మొత్తం అప్పుడే ఇచ్చేశాం, క్లాసులతో మాకు సంబంధం లేదు" అన్నారు. ఆపేస్తే బౌన్స్ చార్జీలు, సిబిల్ స్కోర్ పాడు. టెన్షన్‌తో నెలనెలా ఐదో తారీఖు వస్తుందంటే నిద్ర పట్టేది కాదు. రాని క్లాసులకు చివరి కిస్తీ దాకా కట్టాను.

ఆ మెసేజ్ వచ్చిన రోజే తెలిసి ఉంటే బయటపడేదాన్ని. ఫోన్‌లో తీసుకునే ఇలాంటి లోన్లకు ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ గడువులో అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా లోన్ రద్దు చేసుకోవచ్చు. ఎన్ని రోజులో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితంలో రాసి ఉంటుంది. ఓటీపీ చెప్పే ముందు ఆ కాగితం అడగండి. బిల్లు కూడా అడగండి. "బిల్లయితే జీఎస్టీ 18 శాతం ఎక్స్‌ట్రా" అని మమ్మల్ని భయపెట్టి చేతిరాత రసీదుతో సరిపెట్టారు, ఫిర్యాదు చేసేటప్పుడు అదే నాకు తలనొప్పి అయింది.

ఫిర్యాదు ముందు 1915కి చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడాను. వారం తర్వాత సెంటర్ వాళ్లే ఫోన్ చేసి 10,000 ఇస్తాం, కంప్లైంట్ వెనక్కి తీసుకోండి అన్నారు. ఒప్పుకోలేదు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాను. మనం కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. వాట్సాప్ చాట్, హోర్డింగ్ ఫొటో, డెమో రోజు ఇచ్చిన పాంప్లెట్, అన్నీ జత చేశాను. "గ్యారంటీ" అన్న మాట పాంప్లెట్ మీద అచ్చయి ఉండడం నా అదృష్టం. మీరూ అలాంటివి పారేయకండి.

చివర్లో వాళ్లు ఒక సర్టిఫికెట్ కూడా పంపారు, కొరియా జెండా, మెరిసే హోలోగ్రామ్ స్టిక్కర్, "టోపిక్‌తో సమానం" అని. టోపిక్‌తో సమానమైన కోచింగ్ సెంటర్ సర్టిఫికెట్ అంటూ ఏదీ లేదు. అసలు టోపిక్ స్కోరే రెండేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ రాయాల్సిందే.

మరి ఎక్కడ నేర్చుకోవాలి అంటారా. నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. కొరియా ప్రభుత్వం తరఫున నడిచే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఫౌండేషన్ వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, మొదటి అక్షరం నుంచి ఉన్నాయి. పాత టోపిక్ ప్రశ్నపత్రాలు, ఆడియోతో సహా, టోపిక్ అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. మా సెంటర్ వాటినే ప్రింట్ తీసి "మెటీరియల్ ఫీజు" పేరుతో 2,500 అదనంగా లాగింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు తార్నాక వైపు ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో పార్ట్‌టైమ్ భాషా కోర్సుల నోటిఫికేషన్ మీద ఒక కన్నేయండి, అక్కడ కొరియన్ చెబుతారు. చెన్నైలో ఉంటే ఇన్‌కో (InKo) సెంటర్ అనే ఇండో-కొరియన్ సాంస్కృతిక కేంద్రం, ఢిల్లీలో ఉంటే కొరియన్ కల్చరల్ సెంటర్ ఉన్నాయి. ప్రైవేటు క్లాసు తప్పదనుకుంటే టీచర్ టోపిక్ స్కోర్ చూపించమని అడగండి, డెమో కాకుండా నడుస్తున్న బ్యాచ్‌లో ఒకరోజు వెనక కూర్చుంటానని అడగండి, నెలకింత అని కట్టండి. నేను ఇలా అడిగిన మూడు చోట్లలో రెండు చోట్ల మొహం చిట్లించారు. మూడో చోట ఒక మేడమ్ ఇంట్లోనే నలుగురికి చెబుతారు, నెలకు 2,500. మొదటి గంటలోనే నా చేత పలక మీద అక్షరాలు దిద్దించారు.

ఈసారి టోపిక్ మొదటి పేపర్‌కు సిద్ధమవుతున్నాను, లెవెల్ 2 అందుకోవాలని. జిరాక్స్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఒకవైపే అచ్చు వేశారు, వెనకంతా ఖాళీ. గుణింతం దిద్దుకోవడానికి బాగానే పనికొస్తోంది.