హెచ్‌టీనా, ఎల్‌టీనా: బెంగళూరులో రాజ్‌దూత్ 350 కొన్న ఏడాదిన్నర తర్వాత

రాజ్‌దూత్ 350లో రెండు రకాలున్నాయి, ఎక్కువ పవర్‌ది హెచ్‌టీ, తక్కువ పవర్‌ది ఎల్‌టీ. ఈ బండి కొంటున్నానని ఎవరికి చెప్పినా ముందు అడిగేది ఒకటే, "హెచ్‌టీనా, ఎల్‌టీనా?" అని. నేనూ అదే పట్టుకుని 8 నెలలు బెంగళూరంతా తిరిగి, 9 బళ్లు చూసి, ఆఖరికి ఎల్‌టీ కొన్నాను. ఏడాదిన్నరలో సుమారు 6 వేల కిలోమీటర్లు నడిపాను. ఎల్‌టీ అని చెప్పగానే కొందరు నన్ను ఇంట్లో ఎవరో పోయినట్టు పరామర్శిస్తారు. వాళ్లకు విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యమహా ఆర్‌డీ 350ని మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్లు లైసెన్సు మీద తయారుచేసి, 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో అమ్మారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 6 గేర్లు. జపాన్ బండి పవర్ 39 హెచ్‌పీ అయితే మన పెట్రోలు ఖర్చుకు భయపడి ఇక్కడ తగ్గించారు. ముందొచ్చిన హెచ్‌టీ, అంటే హై టార్క్, 30.5. తర్వాత మైలేజీ కోసం ఇంకా తగ్గించిన ఎల్‌టీ, అంటే లో టార్క్, 27. ఇదేదో నీరసం బండి అనుకునేరు, అప్పట్లో బుల్లెట్ 350 ఇచ్చింది 18 హెచ్‌పీ! ఫ్రేమూ గేర్‌బాక్సూ రెంటికీ ఒకటే. అసలు తేడా సిలిండర్ బ్లాకుల్లో ఉంది. పొగ బయటికి పోయే పోర్టు ఎల్‌టీలో చిన్నది, దానికి తగ్గట్టు కార్బొరేటర్ జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు, మార్చారు.

నడిపితే తేడా తెలుస్తుందా అంటే, తెలుస్తుంది, అబద్ధం చెప్పను. నేను నడిపిన రెండు హెచ్‌టీల్లో ఒకటి నిజంగా మంచి బండి, యజమాని అమ్మనన్నాడు. యలహంక దాటాక ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో గట్టిగా తిప్పితే ఒక చోట శబ్దం మారిపోయి, వెనక నుంచి ఎవరో నడుం మీద చెయ్యి వేసి తోసినట్టు బండి దూకింది, నేను హెల్మెట్ లోపల గట్టిగా నవ్వేశాను. ఎల్‌టీలో ఆ దూకుడు లేదు. లాగుతుంది, బాగానే లాగుతుంది, కానీ పైన అంత పిచ్చి ఉండదు. అయితే మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా రోజూ తిరిగే మనిషికి ఆ పిచ్చి చూసే అవకాశం ఏ రాత్రి పదింటికో తప్ప రాదు.

అసలు గొడవంతా ఏమిటంటే, సంతలో హెచ్‌టీ అని అమ్మేవన్నీ హెచ్‌టీలు కావు. నేను చూసిన మూడో బండి చెబుతా వినండి. పాత బళ్లు బాగుచేసి అమ్మే ఒకాయన దగ్గర, ఎర్ర ట్యాంకు, అద్దంలా మెరిసే క్రోమ్, కొత్త సీటు, ధర 5 లక్షల 40 వేలు. చూడగానే నా మనసు జారిపోయింది, అడ్వాన్సు ఇచ్చేద్దామని ఫోన్ కూడా తీశాను. నాతో వచ్చిన మెకానిక్ భాయ్ మాత్రం "ఒక్క నిమిషం ఆగు అన్నా" అని కూర్చుని, కుడివైపు సైలెన్సర్ మొదట్లో ఉన్న రెండు నట్లు విప్పి టార్చి వేసి చూడమన్నాడు. పోర్టు లోపల పై అంచు ఒక పక్కకి వంకరగా ఉంది, దాని మీద గ్రైండర్ గీతలు, చిన్నపిల్లవాడు పెన్సిల్ చెక్కినట్టు. ఎల్‌టీ బ్లాకును అరగదీసి హెచ్‌టీ చేశారు! తర్వాత ప్లగ్గు తీసి పిస్టన్ పైకి తెచ్చి అదే టార్చి వేస్తే దాని నెత్తిన 1.00 అని అంకె కనబడింది. అమ్మే ఆయన మొహంలో ఏ మార్పూ లేదు, "అందరూ అలాగే చేస్తారు సార్" అన్నాడు. పైన పటారం, లోన లొటారం.

ఆ 1.00 ఎందుకంత ముఖ్యమో చెప్పాలి, ఈ బండి కొనేవాళ్లలో సగం మంది దీన్ని పట్టించుకోరు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, అసలు కొలత 64 మిల్లీమీటర్లు. పిస్టన్ సీజ్ అయినా, అంటే వేడికి సిలిండర్లో పట్టేసినా, అరిగినా, బోరు కొంచెం పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేస్తారు, ఒక్కోసారికి పావు మిల్లీమీటరు. 0.25, 0.50, 0.75, 1.00, అక్కడితో సరి. ఆ తర్వాత స్లీవ్, అంటే సిలిండర్ లోపలి గొట్టం, మార్చాలి, లేదా వేరే బ్లాకులు వెతుక్కోవాలి, మంచి హెచ్‌టీ బ్లాకులంటే ఇప్పుడు బంగారమే. అంటే నేను 5 లక్షల 40 వేలు పోసి కొనబోయింది, నాలుగుసార్లు బోరు కొట్టించుకుని ఆయుష్షు అయిపోయిన, హెచ్‌టీ కాని హెచ్‌టీని.

నేను కొన్నది మల్లేశ్వరంలో ఒక పెద్దాయన బండి. రంగు వెలిసింది, సీటు చిరిగింది, నాలుగేళ్లుగా మెట్ల కింద గోతం కప్పుకుని ఉంది. కానీ ఇంజిన్ నంబరు, ఛాసీ నంబరు ఆర్‌సీతో సరిపోయాయి, ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది, పిస్టన్లు 0.50 మీద ఉన్నాయి, ఆటోల్యూబ్ పంపు పనిచేస్తోంది. ఈ పంపు సంగతి చూసుకోండి. దీనికి టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజిన్‌కి పోసే ఆయిల్, ట్యాంకు వేరుగా ఉంటుంది, పంపే కొలిచి ఇంజిన్‌కి పోస్తుంది. చాలామంది ఆ పంపు పీకేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపిస్తారు. నంది హిల్స్ మీంచి యాక్సిలరేటర్ మూసేసి గేర్లోనే దిగుతూ వస్తే పెట్రోలు అందదు, పెట్రోలు అందకపోతే దాంతోపాటు వచ్చే ఆయిలూ అందదు. ఇక సీజ్ అవదా?

బండికి ఇచ్చింది 2 లక్షల 80 వేలు, తర్వాత దాని మీద పెట్టింది ఇంకో 75 వేలు. చేతి చమురు వదలడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎక్కువ భాగం క్రాంక్‌కే, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుకే, పోయింది. ఏళ్ల తరబడి నడపకుండా ఉంచితే క్రాంక్ సీళ్లు గట్టిపడిపోతాయి. కుడివైపు, క్లచ్ పక్క సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగేసుకుని సైలెన్సర్ నుంచి దోమల మందు కొట్టినట్టు తెల్ల పొగ వస్తుంది, అది కనబడుతుంది కాబట్టి నయం. ఎడమవైపు సీల్ పోతే పొగ రాదు, గాలి లోపలికి లాగుతుంది, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కి ఒకరోజు టక్కున పట్టేస్తుంది. నాకు రెండూ మార్చారు. బండి తెచ్చిన మొదటి వారం స్టార్ట్ చేసినప్పుడు మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కిందికి పరుగెత్తుకొచ్చాడు, కారుకి నిప్పంటుకుందేమోనని.

ఇక రోజూ నడపడం. కిక్ మాత్రమే, సెల్ఫ్ లేదు. బ్యాటరీ చచ్చిందంటే ఎన్ని కిక్కులు కొట్టినా లాభం లేదు, స్పార్క్‌కి బ్యాటరీ కావాలి. సిగ్నళ్ల దగ్గర ఎక్కువసేపు నిలబడితే ప్లగ్గు నల్లబడి ఒక సిలిండర్ ఊరుకుంటుంది, అందుకని జేబులో రెండు బీ8హెచ్ఎస్ ప్లగ్గులూ ఒక స్పానరూ లేకుండా బయటికి వెళ్లను. నాకు లీటరుకు 22 నుంచి 24 వస్తోంది, మైలేజీ కోసం పవర్ తగ్గించిన మోడల్ ఇది అని మళ్లీ గుర్తుచేస్తున్నా. ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు పైపులు ఉబ్బిపోతాయి, వాటిని ముందే మార్పించేయండి, జెట్లు కూడా ఒకసారి చూపించండి.

నన్ను నిజంగా భయపెట్టేది బ్రేకు. జపాన్ ఆర్‌డీ 350కి ముందు చక్రానికి డిస్క్ ఉండేది, ఇక్కడ 7 అంగుళాల డ్రమ్ము ఇచ్చారు. ముందుకి వెళ్తున్నప్పుడు బాగా సెట్ చేస్తే పరవాలేదు. దాని రెండు షూలూ చక్రం ముందుకి తిరిగినప్పుడే పట్టేలా ఉంటాయి, వెనక్కి జారుతుంటే పట్టు సగం కూడా ఉండదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ జామ్‌లో ఆగి, ముందు బ్రేకు నొక్కి పట్టుకుని రెండు కాళ్లూ కింద పెట్టానా, బండి మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది, వెనక ఒక క్యాబ్ బంపర్. ఇప్పుడు ఎత్తు మీద ఆగితే కుడికాలు వెనక బ్రేకు మీదే. హెచ్‌టీలోనూ ఇదే బ్రేకు అని మర్చిపోకండి, ఎక్కువ పవరూ ఇదే డ్రమ్మూ.

ఏపీ రిజిస్ట్రేషన్ బళ్లు మనవాళ్లను ఊరిస్తుంటాయి. అనంతపురం బండొకటి నేనూ చూశాను, చవకగా వచ్చేది. కానీ అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్సు, ఆర్‌సీ రెన్యువల్, అన్నీ తిరిగే ఓపిక ఉంటేనే. ఓనర్ ఎక్కడున్నాడో తెలియదంటే, నాలుగు సంతకాలకు నాలుగు ఊళ్లు తిరగాలంటే వదిలేయండి.

ఇంతకీ ఏది కొనాలి? డబ్బులున్నాయి, ఆదివారం తప్ప నడపరు, పోర్టులు చూసి చెప్పగల మెకానిక్ తెలుసు అంటే హెచ్‌టీయే, సందేహం లేదు, ఆ దూకుడు నాకింకా గుర్తుకొస్తూనే ఉంటుంది. 0.25 మీదో 0.50 మీదో ఉన్న అసలు బ్లాకులు, సరైన కాగితాలు ఉండాలి, అంతే. అలాంటిది దొరకనప్పుడు అరగదీసిన హెచ్‌టీకి లక్షలు పోసేకంటే నాలాగా శుభ్రమైన ఎల్‌టీ కొనుక్కుని మిగిలిన డబ్బుతో క్రాంక్ చేయించుకోండి. ఇన్ని తిప్పలు మన వల్ల కాదనుకుంటే యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది, దాని ధరలు కూడా ఈ మధ్య నేల మీద లేవనుకోండి.

మా ఆవిడ ఇంతవరకు రెండుసార్లే ఎక్కింది, చీరంతా టూటీ ఆయిల్ వాసన అని మళ్లీ ఎక్కనంది. ఈ శనివారం జేసీ రోడ్డుకు పోవాలి, ఎడమ ఇండికేటర్ అద్దం పగిలింది, దొరికితే రెండు తెచ్చుకుంటా.