ఫోను వదలని విద్యార్థికి విడి కౌన్సెలింగా, బృంద చికిత్సా: ఏది మేలు?

"మాస్టారూ, మా అబ్బాయి రాత్రి రెండింటి దాకా ఫోను వదలడం లేదట. ఒక్కడినే చూపించాలా, పదిమందితో కూర్చోబెట్టే చికిత్సకు పంపాలా?" ఎచ్చెర్ల వైపు హాస్టళ్లలో చదివే పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఇదే.

విడి కౌన్సెలింగ్ బలం గోప్యత. శ్రీకాకుళంలో ఏ ఆసుపత్రి వరండాలో కూర్చున్నా ఎవరో ఒక చుట్టం ఎదురుపడతారు. కబురు పిల్లవాడి కంటే ముందే ఊరు చేరుతుంది. దిగులు ముదిరినా, చనిపోవాలన్న మాట నోట వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికే తీసుకువెళ్లాలి. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మిగతా పిల్లలకు బృందమే మేలని నా నమ్మకం. సాధారణంగా ఎనిమిది, పది మంది వారానికోసారి గంటన్నర కూర్చుంటారు. నేను ముందుగా చూసేది ఒకటే: రాకపోతే అడిగేవారున్నారా? విడి కౌన్సెలింగ్‌కు ఒక వారం ఎగ్గొడితే తోటివారెవరికీ తెలియదు. బృందంలో ఖాళీ కుర్చీ అందరికీ కనిపిస్తుంది. పైగా ఫోను మద్యంలా పూర్తిగా మానేసేది కాదు. ఫీజు, హాల్‌టికెట్, ఫలితాలు అన్నీ ఫోనులోనే. అందుకే ఏ వేళ, ఏ బెంగకు చెయ్యి ఫోను మీదికి పోతోందో రాసుకుని వచ్చి చెప్పుకుంటారు. "మార్కులు తగ్గిన రోజు తెల్లవార్లూ ఆడాను" అని ఒకరంటే "నేనూ అంతే" అని ఇంకొకరంటారు. పెద్దవాళ్లం ఎంత నచ్చజెప్పినా ఆ ఊరట ఇవ్వలేం.

అయితే ఒకే గదివారిని ఒకే బృందంలో వేయకూడదు. విన్నది బయటపెట్టబోమని మొదటి రోజే మాట తీసుకోవాలి. నడిపేది శిక్షణ పొందిన సైకాలజిస్టే కావాలి. అమెరికా సైకాలజిస్టు కింబర్లీ యంగ్ ఇంటర్నెట్ వ్యసనాన్ని కొలవడానికి 1998లో రూపొందించిన 20 ప్రశ్నల పరీక్షను మొదట ఒకసారి, చివర ఒకసారి పెడితే మార్పు ఎంతో తెలుస్తుంది.

తాళం వేసే యాప్‌లు కొద్దిరోజులు సాయపడతాయి, అంతే. ఫోను లాక్కోవడం మాత్రం వద్దు.

చేర్చే ముందు నడిపేవారిని ఈ ఒక్కటి అడగండి: వారం రాని విద్యార్థిని మళ్లీ పిలిచేది ఎవరు?