తీసేయమని అడగడమా, ముందే ఆపించడమా?

ఆత్రేయపురంలో మా పిన్ని పూతరేకులు చేస్తుండగా నేను తీసిన వీడియో అది. బోర్లించిన వేడి కుండ మీద, పలచని బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరచి లాగితే రెప్పపాటులో రేకు లేస్తుంది. నెల తిరగకుండానే అది మరొకరి ఛానెల్‌లో, వారి పేరుతో కనిపించింది. ఇలాంటప్పుడు ఎవరి కాపీరైట్ చట్టం మేలు, అమెరికాదా, ఐరోపాదా?

అమెరికా 1998లో తెచ్చిన డిజిటల్ కాపీరైట్ చట్టం, డీఎంసీఏ, దారి సూటిగా ఉంటుంది. మన నోటీసు అందగానే వీడియో తొలగించిన యూట్యూబ్ లాంటి వేదికకు బాధ్యత తప్పుతుంది. మనకు ఖర్చూ లేదు. కానీ వెతుక్కునే పని మనదే. ఒకచోట తీసేస్తే మరోచోట మొలుస్తుంది, వరిచేలో తుంగలా. పైగా అవతలివారు తొలగింపు పొరపాటంటూ ప్రతినోటీసు ఇచ్చి, మనం దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో వీడియో తిరిగి వచ్చేస్తుంది. దావా కోసం అమెరికా వెళ్లేదెవరు?

ఐరోపా సమాఖ్య 2019 కాపీరైట్ ఆదేశంలోని 17వ అధికరణం ఆ బరువును పెద్ద వేదికల మీదికి నెట్టింది. అవి ముందే అనుమతి కోసం ప్రయత్నించాలి, హక్కుదారు వివరాలిచ్చిన కృతులు మళ్లీ ఎక్కకుండా చూడాలి. వినడానికి బాగుంది. అయితే అందుకు వేదికలు వాడే యంత్రపు జల్లెడకు పేరడీ ఏదో, దొంగతనం ఏదో తెలియదు. 2022లో ఐరోపా న్యాయస్థానం ఆ అధికరణాన్ని నిలబెడుతూనే, చట్టబద్ధమైన వాడకానికి అడ్డు రాకూడదంది.

మన దేశపు 2013 కాపీరైట్ నిబంధనల్లోనూ ఫిర్యాదు అందాక వీడియో ఆపడానికి వేదికకు 36 గంటల గడువుంది, కాకపోతే ఫిర్యాదు చేసినవారు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేవాలి. పిన్ని వీడియోకైతే నేను అమెరికా దారే పట్టాను. నాలుగో రోజున దిగిపోయింది.