మిల్లు ఆగిన రోజు గీత కూడా ఆగాలి

మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో లెక్కలు చూస్తాను. ఆడించిన ధాన్యం, వచ్చిన బియ్యం, తేమ రోజూ సాయంత్రం గూగుల్ షీట్‌లో ఎక్కించి, వాటిని లుకర్ స్టూడియోలో చార్టులుగా చూడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. షీట్‌లోని అంకెలను చార్టులుగా గీసిపెట్టే గూగుల్ సాధనం అది. రోజువారీ అంకెలను గీతగా చూపే టైమ్ సిరీస్ చార్టులో, అంకె లేని రోజున గీత ఏం చేయాలో చెప్పే ‘మిస్సింగ్ డేటా’ అనే ఒక్క సెట్టింగు గురించే ఇదంతా రాస్తున్నాను.

దసరాకు ఆయుధ పూజ చేసి మూడు రోజులు మిల్లు ఆపాం. ఆ రోజులకు షీట్‌లో వరుసలు లేవు. ఖాళీ ఉంటే సున్నా అనుకోమన్న ఎంపికను నేను మార్చకుండా వదిలేయడంతో అవుట్‌టర్న్ (క్వింటాలు ధాన్యానికి ఎన్ని కిలోల బియ్యం వచ్చిందనే లెక్క) గీత సున్నాకు పడి మళ్లీ లేచింది. సూర్యాపేటలో ఉండే భాగస్వామి ఫోను చేసి, “మూడు రోజులు ఒక్క గింజ కూడా రాలేదా?” అని అడిగారు. పండగ సంగతి చెబితే నవ్వి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. పొరపాటు అక్కడే జరిగింది.

గీత సున్నాను తాకగానే నిలువు అక్షం సున్నా నుంచి 70 దాకా సాగింది. మా లెక్కకు ప్రాణమంతా 65కూ 68కూ మధ్యే ఉంటుంది. ప్రభుత్వ ధాన్యమైతే క్వింటాలుకు ఉప్పుడు బియ్యం 68 కిలోలు, పచ్చి బియ్యం 67 కిలోలు అప్పగించాలి. అంత పొడవాటి అక్షం మీద రెండు కిలోల తేడా వెంట్రుకవాసి. పదకొండు రోజుల్లో అవుట్‌టర్న్ మెల్లమెల్లగా 66కు దిగినా గీత చదునుగానే కనిపించింది. రోజూ ఆ తెర ముందే కూర్చున్నాను.

చివరికి పట్టుకున్నది మా మేస్త్రి. గుప్పెడు ఊక అరచేతిలో పరిచి ఊదారు. పొట్టు ఎగిరిపోయి ఏడెనిమిది గింజలు మిగిలాయి. గాలి లాగే ఫ్యాను జోరెక్కువై ఊకతో పాటు గింజనూ పట్టుకుపోతోంది. గాలి తగ్గించడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటికే ఆ ఊకలో చాలా భాగం బాయిలర్‌లో కాల్చేశాం. నూరు క్వింటాళ్లకు రెండు క్వింటాళ్ల బియ్యం! తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆ రాత్రే ‘లైన్ బ్రేక్స్’ ఎంచుకున్నాను. ఖాళీ రోజున గీత తెగుతుంది, మిల్లు నడిచిన రోజున మళ్లీ మొదలవుతుంది. ఖాళీని అటూ ఇటూ ఉన్న అంకెలతో కలిపి పూడ్చే ఎంపిక కూడా ఉంది. చూపుకు ముచ్చటగానే ఉంటుంది గానీ, నడవని మిల్లుకు అవుట్‌టర్న్ చూపించే గీత నాకెందుకు? అక్షాన్ని 62 నుంచి 70కి కట్టి, 68 దగ్గర ఎర్రటి రిఫరెన్స్ లైన్ గీశాను. ధాన్యం రాకను చూపే బార్ చార్టు మాత్రం సున్నా నుంచే ఉండాలి. అక్కడ కన్ను కొలిచేది కడ్డీ పొడవును. అడుగున 300 దాకా కోసేస్తే 500 క్వింటాళ్లు 400కు రెట్టింపులా కనిపిస్తాయి.

ఈ యాసంగిలో గీత వరుసగా రెండు రోజులు ఎర్రగీత కిందికి జారింది. వెంటనే విప్పి చూస్తే ధాన్యం పొట్టు తీసే రబ్బరు రోల్స్ అరిగిపోయి ఉన్నాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మొదటి ఏడాది బండి స్పీడోమీటరులా ఒక్క అంకెను చూపే గేజ్ చార్టును తెగ మెచ్చుకుని పక్క మిల్లువారి చేత కూడా పెట్టించాను. అది ఈ రోజు అంకె చెబుతుందే తప్ప నిన్నటి నుంచి ఎటు పోతున్నామో చెప్పదు. మా దగ్గర తీసేశాను, వారికీ ఆ మాట చెప్పాను.

తెగే గీతతోనూ కొంత జాగ్రత్త అవసరం. రెండు సెలవుల మధ్య ఒక్కరోజే మిల్లు నడిస్తే గీతకు రెండో చుక్క దొరకదు, అందుకే చుక్కలు కనిపించేలా పెట్టుకున్నాను. కోసిన అక్షం చూసి మా భాగస్వామి 0.4 తగ్గినా కంగారు పడుతున్నారు. ‘62 నుంచి 70 వరకు’ అని శీర్షికలోనే రాశాను, కంగారు కొంతే తగ్గింది.

మాది చేత్తో నింపే షీటు, ఒకే షిఫ్టు. యంత్రాలే నిమిషానికోసారి అంకెలు పంపే మిల్లులో ఖాళీ అంటే సెన్సారు చెడిపోయిందని కావచ్చు. అక్కడ గీత తెగితే చాలదు, ఎవరికో ఒకరికి కబురు వెళ్లాలి. మాకు మాత్రం ఇది సరిపోతోంది. వానాకాలం ధాన్యం వచ్చేలోగా తేమ చార్టులోనూ 17 శాతం దగ్గర ఒక ఎర్రగీత పెట్టాలి.