ఏటికొప్పాక బొంగరం: "దీనికి లాంచర్ ఏదమ్మా?"

సంక్రాంతికి అనకాపల్లిలో మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళి, తిరిగి హైదరాబాద్ వస్తూ యలమంచిలి దాటాక హైవే దిగి, లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఊళ్ళో ఆగాం. పిల్లల కోసమని చెప్పి కారు ఆపించాను గానీ నా కన్ను లక్క కుంకుమ భరిణె మీద ఉంది. అది కొనుక్కున్నాక, మాట దక్కించుకోవాలి కదా అని మూడు బొంగరాలు తీసుకున్నాను. వేళ్ళతో తిప్పే బుల్లివి రెండు, ఒక్కోటి 40 రూపాయలు. తాడు చుట్టి విసిరేది ఒకటి, 150. రెండు నెలలు వాడి రాస్తున్నాను. భరిణె గురించి ఇంకోసారి.

ముందు వస్తువు సంగతి. అంకుడు కర్రతో చేస్తారు. మెత్తటి కర్ర, చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు. లేత్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీ దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు కొమ్ములు, నీలిమందు లాంటి చెట్టూచేమల నుంచి తీసిన రంగులు. ఈ సహజ రంగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఆ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లోనే జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సొంత వస్తువని చెప్పే అధికారిక ముద్ర, వచ్చింది. నాకు ఇవన్నీ ఎందుకు పట్టాయంటే, మా చిన్నదానికి మూడేళ్ళు. చేతికి ఏం దొరికినా తిన్నగా నోట్లోకే. రంగు భయం లేదు గానీ, వేళ్ళతో తిప్పే రకం మరీ చిన్నది. అంత పసిపిల్లలకి ఇవ్వకండి. నేను ఒకటి అల్మారా పైన దాచేశాను.

మా వాడు నాలుగో తరగతి. పోయిన నవంబర్‌లో సైట్ వచ్చింది, రెండు కళ్ళకీ మైనస్ ఒకటింపావు. కళ్ళ డాక్టర్ గారు ఫోన్ తగ్గించమన్నారు. అది చెప్పడానికి డాక్టర్ దాకా ఎందుకు, మా అత్తగారు రోజూ చెప్తారు. కానీ ఆయన ఇంకో మాట అన్నారు: రోజుకి రెండు గంటలు బయట వెలుతురులో ఉండాలట. పరుగులే పెట్టక్కర్లేదు, ఆరుబయట ఉంటే చాలట. పగటి వెలుతురుకి కంటి వెనక పొర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఊరుతుందని, సైట్ పెరిగేలా కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపేది అదేనని అనుకుంటున్నారట. తైవాన్‌లో అయితే 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకి 120 నిమిషాలు ఆరుబయట ఉంచాలని ప్రభుత్వమే కార్యక్రమం పెట్టింది. నేను వాడి రోజు లెక్కేసి చూశాను. ఏడుంపావుకి బస్సు, నాలుగున్నరకి ఇంటికి, ఆరున్నరకి ట్యూషన్. ఆ మధ్య దొరికే రెండు గంటలూ సోఫాలో, ట్యాబ్ ముందు. మేం వద్దనలేదు. ఆ టైములో నాకు వంట, మా ఆయనకి ఆఫీసు కాల్స్. ట్యాబ్ మా ఇంట్లో జీతం లేని ఆయా.

ఇంటికి రాగానే పెద్ద బొంగరం వాడి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి లాంచర్ ఏదమ్మా?" అన్నాడు.

వాడికి తెలిసింది బేబ్లేడ్. లాంచర్‌లో బిగించి లాగితే దానంతటదే తిరిగే ప్లాస్టిక్ చక్రం. 1999లో జపాన్‌లో పుట్టిందది, అక్కడి పిల్లలు తాడు చుట్టి ఆడుకునే బేగోమా అనే పాత బొంగరాన్ని చూసి చేశారు. మొత్తానికి వాళ్ళ బొంగరం అంత దూరం నుంచి మా వాడిని చేరింది, మన బొంగరం అనకాపల్లి నుంచి చేరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. తప్పు వాడిది కాదులెండి.

"నువ్వే లాంచర్" అని తాడు చేతికిచ్చాను.

చిన్నప్పుడు మా వీధిలో బొంగరం మగపిల్లల ఆట. మా తమ్ముడిది తుమ్మ కర్ర బొంగరం, వడ్రంగి చేసి తల కోసిన మేకు దిగ్గొట్టి ఇచ్చాడు. వాడు నిద్రపోయే మధ్యాహ్నాలు నేను దొంగతనంగా తీసుకెళ్ళి పెరట్లో నేర్చుకున్నాను. మొన దగ్గర మొదలుపెట్టి, ఒక చుట్టు మీద ఇంకోటి ఎక్కకుండా, బిగించి పైకి చుట్టుకు రావాలి. తాడు చివరి ముడి ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య ఇరికించాలి. విసిరాక చెయ్యి ముందుకి పోనివ్వకూడదు, మణికట్టు దగ్గర చటుక్కున వెనక్కి గుంజాలి. ఒక్క చుట్టు వదులైనా బొంగరం చచ్చిన బొద్దింకలా పక్కకి పడుతుంది. పాతికేళ్ళ తర్వాత హాల్లో విసిరితే నాకు మూడోసారికే నిలబడింది. మా ఆయన కాల్ మ్యూట్‌లో పెట్టి మరీ చూశారు.

మా వాడికి మొదటి రోజు ఒక్కసారీ నిలబడలేదు. ఏడుపు మొహంతో ట్యాబ్ తీశాడు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నా. చూస్తే బొంగరం ఎలా తిప్పాలో వీడియోలు వెతుకుతున్నాడు. నలభై నిమిషాలు చూశాడు. బొంగరం పక్కన పడి ఉంది. అప్పుడు నాకు నవ్వాలో, ఏడవాలో తెలియలేదు.

అసలు ఇబ్బంది మర్నాడు మొదలైంది: దీన్ని తిప్పే చోటేది? హాల్లో టైల్స్ మీద జారిపోతుంది. పైగా కింద ఫ్లాట్ ఆంటీ ఫోన్ చేసి, "ఏంటమ్మా, ఆదివారం పొద్దున్నే రుబ్బురోలు దించారా?" అని అడిగారు. కారిడార్‌లో ఆడితే గోడలు పాడవుతాయని అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్. సెల్లార్‌లో నేల బాగుంది, కార్లు ఒప్పుకోవు. ఫ్లాట్ కొన్నప్పుడు బ్రోచర్‌లో బొమ్మ వేసి చూపించిన పిల్లల ఆటస్థలం ఒకటుంది. రెండు ఉయ్యాలలు, కింద రబ్బరు చాప. రబ్బరు మీద ఏ బొంగరమూ తిరగదు. ఇక రోడ్డు మీదా? నిజాంపేట రోడ్డు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మట్టి ఉన్న జాగా ఒకటి కనిపించింది, దాని చుట్టూ రేకులు, లోపల పునాది గుంత.

చివరికి మేడ మీద తేలాం. తాళం వాచ్‌మన్ అన్న దగ్గర ఉంటుంది. అసోసియేషన్ వాళ్ళని బతిమాలి ఐదు నుంచి ఆరున్నర దాకా తీయించాను, ఒక పెద్దవాళ్ళు తోడుండాలని షరతు. ఆ పెద్దదాన్ని నేనే. వాటర్ ట్యాంకుల పక్కన గరుకు సిమెంటు మీద బొంగరానికి పట్టు దొరికింది. నాలుగో రోజు మా వాడిది నిలబడింది. అరిచాడు చూడండి, కింద కూరగాయల బండి ఆయన తలెత్తి చూశాడు. లక్క చారలు తిరిగేటప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎరుపూ పసుపూ కలిసి నారింజ రంగు గీత ఒక్కటే కనిపిస్తుంది, వేగం తగ్గే కొద్దీ మళ్ళీ రెండుగా విడిపోతుంది. అది చూడ్డానికి వాడు నేల మీద బోర్లా పడుకుంటాడు, యూనిఫాంతోనే.

రెండో వారానికి ఆరుగురు పిల్లలు. బొంగరం ఒక్కటే కాబట్టి వంతులు, వంతుల కోసం తగువులు. నేను గిరి గీసి ఇచ్చాను, లోపల సీసా మూత పెట్టి దాన్ని బొంగరంతో బయటికి నెట్టాలి. ఒకరి బొంగరం మీద ఇంకొకరు కొట్టి గాట్లు పెట్టుకునే ఆట మాత్రం నేర్పలేదు. ఇంత మెత్తటి కర్ర దానికి తట్టుకోదు. ఇది మీరు కొనేముందే తెలుసుకోవాలి: తాడు బొంగరానికి కింద మేకు లేదు, కర్ర మొనే. సిమెంటు మీద నెల తిరిగేసరికి మొన కొంచెం మొద్దుబారింది, అంచు మీద లక్క రెండుచోట్ల పెచ్చు లేచింది. అమ్మినావిడ ముందే చెప్పింది, "సిమెంటు మీద కొడితే రంగు పోద్దమ్మా, మట్టిలో ఆడించు" అని. మట్టి ఎక్కడ దొరుకుతుందో ఆవిడని అడగాల్సింది.

ఫోన్ మానేశాడా అని అడుగుతారు. లేదు. ఆదివారం నాలుగు గంటల పైనే చూస్తాడు. వానొస్తే, మేడ తాళం దొరక్కపోతే, నాకు తలనొప్పి వస్తే మళ్ళీ ట్యాబే. మామూలు రోజుల్లో మాత్రం ఆ గంటన్నర సోఫా ఖాళీగా ఉంటోంది. డాక్టర్ గారి రెండు గంటల్లో ముప్పావు వంతు వెలుతురు దక్కినట్టే. సైట్ సంగతి జూన్‌లో చూపిస్తే గానీ తెలియదు. నాకు మాత్రం వంట ఏడింటికి వాయిదా పడింది, అది ఎవరూ రివ్యూల్లో రాయరు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది తాడుకి. సన్నటి నూలు తాడు ఒకటే ఇస్తారు, మూడు వారాలకే పీచులు లేచి తెగింది. కొనేటప్పుడు ఇంకోటి అడిగి తీసుకోండి. మేం తీసుకోలేదు కాబట్టి మా ఆయన ఆఫీసు బూటు ఒకటి లేసు లేకుండా తిరుగుతోంది.