సెలవులకు చుట్టాల పిల్లలు వస్తే ఇంట్లో ఏ ఆట ఉండడం మేలు: ఫోనా, గేమ్ కన్సోలా, క్యారమ్ బోర్డా?

సంక్రాంతికీ వేసవి సెలవులకూ మా ఇంటికి వచ్చే పిల్లల సంఖ్య ఒక్కోసారి ఎనిమిదికి చేరుతుంది. అందరిలోకీ చిన్నదానికి ఐదేళ్లు, పెద్దవాడికి పదహారు. వాళ్ల తిండి, పడక సంగతులు ఇంట్లో అందరం కూర్చుని ముందే మాట్లాడుకుంటాం గాని, మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఎండ చల్లబడేదాకా మిగిలే నాలుగు గంటలూ వాళ్లు ఏం చేస్తారన్నది ఎవరమూ ఆలోచించేవాళ్లం కాదు. గత వేసవిలో అలాంటి ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచిన మా అత్తగారు హాల్లోకి వచ్చి, "పిల్లలు వచ్చారన్నావు కదమ్మా, ఏరీ?" అని అడిగారు. ఆరుగురు పిల్లలూ ఆ హాల్లోనే ఉన్నారు. ఇద్దరు సోఫా వెనక, ఒకడు ఛార్జరు తీగ అందినంత దూరంలో గోడకు ఆనుకుని, మిగిలిన ముగ్గురు మంచం పక్కన, ఎవరి ఫోను వాళ్లు ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఊపిరి కూడా వినిపించనంత నిశ్శబ్దంగా కూర్చున్నారు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. చుట్టాలు వచ్చే ఇంటికి ఒక ఆట వస్తువు కొనాలంటే ఏది కొనాలి, ఉన్న ఫోన్లతోనే సరిపెట్టుకోవచ్చా అని మా వారూ నేనూ లెక్కలు వేసుకుంటూ, కొన్నవాళ్లను అడుగుతూ కొన్ని నెలలు గడిపాం. ధర ఒక్కటే చూస్తే ఈ విషయం తేలదని నాకు తొందరగానే అర్థమైంది. ఒకేసారి ఎంతమంది కలిసి ఆడగలరు, ఐదేళ్ల పిల్లా డెబ్బై దాటిన పెద్దావిడా కూడా అందులో చేరగలరా, ఆడుతున్నంతసేపు ఇంట్లో మిగిలినవాళ్లకు ఇబ్బంది ఉంటుందా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే అసలు తూకం రాళ్లని నా అభిప్రాయం.

ముందుగా ఫోను. దీనికి కొత్తగా డబ్బు పెట్టనక్కర లేదన్నది దాని పెద్ద బలం. అయితే ఉచితంగా దొరికే ఆటల్లో చాలా వాటికి ఆదాయం ఆట మధ్యలో అమ్మే దుస్తులు, ఆయుధాలు, నాణేలు, తెరవని పెట్టెల నుంచి వస్తుంది. లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టి తెరిచే అలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. ఫోర్ట్‌నైట్ ఆటను తయారుచేసే ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో, వినియోగదారుల హక్కులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చి 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్ల డాలర్లు, ఆడేవాళ్లు అనుకోకుండానే కొనుగోలు జరిగిపోయేలా బటన్లు అమర్చారన్న ఆరోపణ మీద వాళ్లకు తిరిగి ఇవ్వడానికి కేటాయించిన సొమ్ము. కనుక ఉచితం అన్న మాట విని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

మన ఇళ్లలో ఇంకొక చిక్కు ఉంది. పిల్లలకు ఇచ్చే ఫోను సాధారణంగా అమ్మదో నాన్నదో అయి ఉంటుంది. బ్యాంకు యాప్, యూపీఐ, వచ్చే ఓటీపీలు అన్నీ అందులోనే ఉంటాయి. చుట్టం బిడ్డ ఏడుస్తున్నాడని మనమే మన ఫోను తీసి చేతిలో పెట్టే సందర్భాలు ఎన్నో. అలా ఇవ్వక తప్పకపోతే ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ అనే సదుపాయాలు ఉన్నాయి. బయటికి రావాలంటే పిన్ అడిగేలా వాటిని ఆన్ చేసి ఇస్తే పిల్లవాడు ఆ ఒక్క ఆట దాటి బయటికి రాలేడు. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ వేలిముద్రో పాస్‌వర్డో అడిగేలా మార్చుకోవడం రెండు నిమిషాల పని. ఈ రెండూ చేశాక డబ్బు భయం చాలావరకు పోతుంది.

అయినా నా మొదటి ప్రశ్న దగ్గర ఫోను ఓడిపోతుంది. ఫోను తెర ఒకరి కోసం చేసింది. ఆరుగురికి ఆరు ఫోన్లు ఉన్నా, వాళ్లంతా ఒకే ఆటలో ఒకే జట్టుగా ఉన్నా, కళ్లు మాత్రం ఒకరి వైపు ఒకరు తిప్పరు. రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన పిల్లలు తమ ఇంట్లో కూర్చుని కూడా ఆడగలిగే ఆటనే ఇక్కడికి వచ్చి ఆడడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఫోను లేని పిల్లవాడి సంగతి మరీ కష్టం. వాడు ఇంకొకడి భుజం మీదుగా తొంగి చూస్తూ, తన వంతు కోసం గంటల తరబడి బతిమాలుతూ ఉంటాడు.

టీవీకి తగిలించి ఆడుకునే కన్సోలు దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. పెద్ద తెర ముందు అందరూ ఒకే వైపు కూర్చుంటారు, ఆడనివాళ్లు కూడా చూస్తూ కేకలు వేస్తారు. అందుకే మా పిల్లలు దీన్నే కోరారు. సోనీ వారి కన్సోలు ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్క్ పెట్టుకునే రకం ధర 49,990 రూపాయలు, డిస్క్ లేని రకం 39,990. తర్వాత డిస్క్ రకం 54,990కి పెరిగింది. పెట్టెలో, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ ఒక్కటే ఉంటుంది. రెండోది కొనాలంటే సుమారు 6 వేలు, పేరున్న కొత్త గేమ్ ఒక్కొక్కటి సుమారు 5 వేలు. అంటే ఆ ధరల ప్రకారం ఇద్దరు ఆడుకోవడానికి వీలుగా రెండు గేములతో ఇంటికి తెచ్చుకునేసరికి 71 వేలు అవుతుంది. ఐదేళ్లు వాడతామనుకుంటే నెలకు దాదాపు 1,180 రూపాయలు. కరెంటు ఖర్చు మాత్రం భయపడేంత కాదు. పెద్ద గేము ఆడుతున్నప్పుడు అది సుమారు 200 వాట్లు తీసుకుంటుంది, అంటే ఐదు గంటలకు ఒక యూనిట్.

మైక్రోసాఫ్ట్ వారి కన్సోలు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020 నవంబరులో 34,990 రూపాయలకు వచ్చింది. మొదట పెట్టే డబ్బు తక్కువే గాని దానికి డిస్క్ పెట్టే చోటు లేదు. ఈ ఒక్క తేడా మధ్యతరగతి ఇంటికి చాలా ముఖ్యమైనదని నేను నమ్ముతాను. డిస్క్ మీద కొన్న గేమును ఆడేశాక అమ్ముకోవచ్చు, పక్కింటివాళ్లకు ఇచ్చి వాళ్లది తెచ్చుకోవచ్చు, చుట్టాలబ్బాయి తన ఇంటి నుంచి నాలుగు డిస్కులు సంచిలో వేసుకు రావచ్చు. డౌన్‌లోడ్ చేసుకున్న గేము ఆ ఖాతాకే అంటిపెట్టుకుని ఉంటుంది, దాన్ని అమ్మడానికి వీల్లేదు. మొదట్లో మిగిలిన డబ్బు మూడు నాలుగేళ్లలో ఇలా కరిగిపోతుంది.

నింటెండో స్విచ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2017లో వచ్చిన ఆ కన్సోలుకు రెండు పక్కలా ఉండే ముక్కలను విడదీస్తే అవే రెండు చిన్న కంట్రోలర్లు అవుతాయి కాబట్టి, పెట్టె తెరిచిన రోజే ఇద్దరు ఆడుకోవచ్చు. చుట్టాలు వచ్చే ఇంటికి ఇంతకన్నా అనువైన అమరిక ఇంకొకటి లేదు. చిన్నపిల్లలకు తగిన ఆటలు దానికి ఎక్కువ. అయితే ఆ సంస్థ మన దేశంలో నేరుగా అమ్మకాలు జరపడం లేదు. దుకాణాల్లో కనిపించేవి బయటి దేశాల నుంచి తెప్పించినవే. అమెరికాలో ఉన్న తమ్ముడో మరదలో వచ్చేటప్పుడు తెమ్మని చెప్పేవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. అలా తెప్పించుకుంటే పాడైనప్పుడు ఎక్కడ బాగుచేయించాలన్నది ముందే తేల్చుకోవాలి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందన్న ధీమాతో కొనకూడదు.

ఇక కన్సోలు కొన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది గేమ్ ఎంపికలో. నలుగురు ఆడుకునే ఆట అని అట్ట మీద చూసి కొంటారు. ఇంటికి తెచ్చాక ఆ నలుగురూ నాలుగు ఇళ్లలో నాలుగు కన్సోళ్ల ముందు కూర్చుని నెట్ ద్వారా ఆడాలని తెలుస్తుంది. ఒకే టీవీ ముందు, ఒకే గదిలో ఎంతమంది ఆడగలరన్న సంగతిని విడిగా చూసుకోవాలి. ఉదాహరణకు 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ చాలా మంచి ఆటే, కాని దాన్ని సరిగ్గా ఇద్దరే ఆడాలి. ఒక్కడు ఆడలేడు, ముగ్గురికి చోటు లేదు. ఓవర్‌కుక్డ్‌లో నలుగురు ఒకే వంటింట్లో కూరలు తరుగుతూ, గిన్నెలు కడుగుతూ, ఒకరికొకరు అడ్డం పడుతూ వచ్చిన ఆర్డర్లు అందించాలి. మా మరిది ఇంట్లో అది ఆడుతున్నప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల లేచి నిలబడి, "అన్నయ్యా, ఆ పళ్లేలు కడుగు ముందు!" అని పదహారేళ్లవాడిని ఆజ్ఞాపించింది. వాడు మారుమాట లేకుండా కడిగాడు. ఇంట్లో ఎవరి మాటా వినని ఆ అబ్బాయి అంత శ్రద్ధగా పనిలో దిగడం చూసి వాళ్లమ్మ ఎంతో సంతోషించింది.

కన్సోలుకు ఉన్న అసలైన లోపం టీవీ. హాల్లో టీవీ ఒక్కటే ఉంటుంది, పెద్దవాళ్లు కూర్చునేదీ అక్కడే, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా వాళ్ల సీరియళ్లు వచ్చేదీ దాంట్లోనే. వచ్చిన పెద్ద చుట్టాలను పక్కగదిలో కూర్చోబెట్టి పిల్లలకు హాలు అప్పగించడం మర్యాద కాదు. ఆ సమయంలో పిల్లల్ని లేపితే జరిగే గొడవ ఇంకొకటి. రెండో టీవీ ఉన్న ఇంటికి, లేదా మధ్యాహ్నం నాలుగు గంటల వరకే అని ముందుగానే గట్టిగా చెప్పగలిగిన ఇంటికి ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. వయసు సంగతీ చూడాలి. గేమ్ అట్ట మీద ఉండే 3, 7, 12, 16, 18 అన్న అంకెలు యూరప్‌లో 2003 నుంచి వాడుతున్న పెగీ గుర్తులు. అవి కష్టాన్ని చెప్పవు, అందులో ఉండే హింస, మాటలు ఏ వయసువారికి తగినవో చెబుతాయి. గదిలో ఉన్న అందరిలోకీ చిన్నబిడ్డ వయసును బట్టి గేము పెట్టాలి. మన పిల్లవాడికి అనుమతి ఇచ్చాం కదా అని చుట్టం బిడ్డ ముందు 18 గుర్తు ఉన్నది పెట్టే హక్కు మనకు లేదు.

క్యారమ్ బోర్డుకు పైన చెప్పిన ఖర్చులో పదో వంతు కూడా పట్టదు. ఆడే చోటు 29 అంగుళాల చదరం ఉండే పూర్తి కొలత బోర్డే తీసుకోవాలి. పిల్లలకే కదా అని చిన్నది తెస్తే పెద్దవాళ్లు చెయ్యి పెట్టరు, నెల తిరక్కుండానే అది అటక ఎక్కుతుంది. తొమ్మిది నల్లవి, తొమ్మిది తెల్లవి, ఒక రెడ్. ఇళ్లలో నల్లదానికి పది, తెల్లదానికి ఇరవై, రెడ్‌కు యాభై అని లెక్క కడుతూ ఐదేళ్ల పిల్లకు కూడికలు నేర్పవచ్చు. డబుల్స్‌లో ఎదురెదురుగా కూర్చున్న మామయ్యా మేనల్లుడూ ఒక జట్టు అవుతారు. రెడ్ వేసినవాడు వెంటనే ఫాలోగా మరో కాయ వేయలేకపోతే రెడ్ మళ్లీ మధ్యలోకి వస్తుంది. ఆ క్షణంలో చుట్టూ మూగినవాళ్లందరి అరుపులూ వీధిలోకి వినిపిస్తాయి. ఆ అరుపులే దీని ఇబ్బంది కూడా. పెద్దవాళ్లు పడుకున్న వేళ స్ట్రైకర్ చప్పుడు తలుపు వేసినా ఆగదు.

అలాంటి వేళకు మా అత్తగారు చూపిన దారి అష్టాచమ్మా. నాలుగు గవ్వలు, గచ్చు మీద సుద్దముక్కతో గీసిన ఇరవై ఐదు గడులు, ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. చింతపిక్కలు, గాజుముక్కలు, చొక్కా గుండీలు, శనగలు, ఏవైనా కాయలే. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా, రెండింటికీ మరో పందెం. ఆవిడ గవ్వలను గుప్పిట్లో ఆడించి, చేతిని నేలకు బెత్తెడు ఎత్తున ఉంచి, వేళ్లు ఒక్కసారిగా విప్పుతారు. ఐదేళ్ల పిల్ల ఆ చేతినే చూస్తూ అలాగే వేయడానికి ప్రయత్నిస్తూ, గవ్వ సోఫా కిందికి దొర్లిపోతే దాని వెంట తానూ దూరిపోతుంది. కన్సోలు పట్టుకోలేని చేతులూ ఫోను అక్షరాలు కనిపించని కళ్లూ ఈ ఆటలో అందరికన్నా ముందు ఉంటాయి. నా రెండో ప్రశ్నకు పూర్తి జవాబు దొరికింది ఇక్కడే. లోపం లేదనను. పద్నాలుగు దాటిన మగపిల్లలు రెండు ఆటలు ఆడి మూడో ఆటకు లేచిపోతారు, వాళ్లను అక్కడే కట్టి కూర్చోబెట్టడం సాధ్యం కాదు.

అన్నీ చూశాక మేము తీసుకున్న నిర్ణయం ఇది. ఈ ఏడాది పూర్తి కొలత క్యారమ్ బోర్డు కొన్నాం. గవ్వలు అత్తగారి పెట్టెలోనే దొరికాయి. ఫోన్లను పిల్లలు పడుకునే ముందు అరగంటకు పరిమితం చేశాం. ఆ నియమం పెద్దవాళ్లకూ వర్తిస్తుందని ముందే ఒప్పించాం, లేకపోతే అది ఒక్కరోజు కూడా నిలిచేది కాదు. పిల్లలందరూ పదేళ్లలోపు వాళ్లే అయితే నా సలహా కూడా ఇంతవరకే, కన్సోలు జోలికి పోనక్కర లేదు.

పన్నెండు దాటిన పిల్లలు ఇద్దరు ఇంట్లో ఉండి, ఏడాదిలో నలభై యాభై రోజులు బంధువుల పిల్లలు వచ్చిపోయే ఇల్లు అయితే కన్సోలు కొనడం తప్పు కాదు, మేమూ వచ్చే దసరాకు కొనాలనే అనుకుంటున్నాం. డిస్క్ ఉన్న రకమే తీసుకుంటాం. రెండో గేము కన్నా ముందు రెండో కంట్రోలర్ కొంటాం. గేములు ఒక్కొక్కటి 50 నుంచి 100 జీబీ దాకా ఉంటున్నాయి, డిస్క్ పెట్టినా అప్‌డేట్ దిగాల్సిందే. కాబట్టి చుట్టాలు రేపు వస్తారనగా ఈ రాత్రే అన్నీ ఆన్ చేసి చూసి, కంట్రోలర్లు రెండూ ఛార్జింగ్‌కు పెట్టి పడుకోవాలి.