కేబుల్, ల్యాండ్‌లైన్ తీసేయాలా, ఉంచాలా: ఏది మేలు?

తిరుపతిలో ఏ వీధిలో చూసినా కరెంటు స్తంభాలకు కేబుల్ వైరు పక్కనే ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ వైరు వేలాడుతోంది. చాలా ఇళ్లకు రెండూ వచ్చేశాయి. పైగా మనిషికొక ఫోను, ఫోనుకొక డేటా ప్యాక్. ఖర్చు తగ్గించుకుందామనుకునేవాళ్లు ముందు కేబుల్ మీద పడతారు. నన్నడిగితే అసలు డబ్బు పోయేది అక్కడ కాదు.

కేబుల్‌కు నెలకు 300, ల్యాండ్‌లైన్‌కు 200 కడుతున్న ఇల్లు అనుకుందాం. ఏడాదికి 6000. ఈ రెండూ తీసేసి 399 రూపాయల ఫైబర్ ప్లాన్ తీసుకున్నారు. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి కట్టేది నెలకు 471, ఏడాదికి సుమారు 5650. మిగిలింది 350 రూపాయలు. ఇక సీరియళ్ల కోసం ఒక యాప్‌కు డబ్బు కట్టారంటే ఆ 350 కూడా మిగలదు. ఫైబర్ పెట్టించుకుంటే మొబైల్ ప్యాక్‌లు తగ్గించాలి, అప్పుడే లాభం. ఇంట్లో వైఫై పెట్టుకుని, రోజుకు 2 జీబీ ప్యాక్ ముగ్గురికీ అలాగే కొనసాగించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక్కో ఫోను మీద నెలకు 100 తగ్గించుకున్నా ముగ్గురికీ కలిపి ఏడాదికి 3600. కేబుల్, ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ పెట్టుకుంటే మిగిలే 350 కన్నా ఇది ఎంతో ఎక్కువ.

ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో మాట్లాడడం తప్ప ఇంకేమీ చేయకపోతే వాళ్లకు డేటా ప్యాక్ ఎందుకు? కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పకుండా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ (ఫోను, కేబుల్ కంపెనీలకు నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ) కంపెనీలకు చెప్పింది. రీఛార్జి షాపులో మనమే నోరు తెరిచి అడగాలి. శ్రీసిటీకో, రేణిగుంట వైపో పనికి వెళ్లి రాత్రికి గానీ ఇంటికి రాని మనిషికి మాత్రం మొబైల్ డేటానే ముఖ్యం, అతనికి తగ్గించకండి. ఇంట్లో అందరూ అలా బయట తిరిగేవాళ్లే అయితే ఫైబరే దండగ.

ల్యాండ్‌లైన్ సంగతి తొందరగా తేలిపోతుంది. పాత రాగి లైను అయితే తీసేయొచ్చు. దానికి ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణం, కరెంటు పోయినా మోగడం. రాగి తీగకు టెలిఫోన్ ఎక్సేంజీ నుంచే కరెంటు వచ్చేది. ఫైబర్‌తో వచ్చే ఫోనుకు ఆ గుణం లేదు. మోడెం ఆరిపోతే ఫోనూ ఆరిపోతుంది. నవంబరు వానల్లో గంటల తరబడి కరెంటు లేకపోతే ఏమవుతుందో మన ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వయసైన అమ్మానాన్నలు ఒంటరిగా ఉండే ఇంట్లో మోడెంకు చిన్న యూపీఎస్ పెట్టించండి, పక్కన ఒక బటన్ ఫోను కూడా ఉంచండి. ఫైబర్ ప్లాన్‌లతో ల్యాండ్‌లైన్ కాల్స్ మామూలుగా ఉచితంగానే వస్తాయి, రాగి లైనుకు వేరే అద్దె కట్టాల్సిన పని లేదు. తిరుపతి కోడ్ 0877తో ఉన్న పాత నంబరే కావాలనే పట్టుదల ఉంటే, అదే కంపెనీ ఫైబర్‌కు ఆ నంబరు మారుస్తారేమో ముందే అడిగి తెలుసుకోండి.

కేబుల్ విషయం అంత సులువు కాదు, ఎందుకంటే అది మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. మా అవ్వకు ఏ సీరియల్ ఏ నంబరులో వస్తుందో నోటికి వచ్చు. రిమోట్ వైపు చూడకుండానే మూడు అంకెలు నొక్కుతుంది, బొమ్మ వచ్చేస్తుంది. స్మార్ట్ టీవీలో అదే సీరియల్ కావాలంటే యాప్ తెరవాలి, ఎవరి ప్రొఫైల్ అని అడిగితే ఎంచుకోవాలి, అప్‌డేట్ అడిగితే సరేననాలి. ఆవిడ పక్కన మనవడో మనవరాలో లేకపోతే టీవీ ఆగిపోయినట్టే. పైగా అన్నీ ఒకే చోట దొరకవు. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. నాలుగు ఛానళ్లకు నాలుగు యాప్‌లు, నాలుగు చందాలు.

అదే కేబుల్‌లో లెక్క చూడండి. 2019లో ట్రాయ్ ఛానళ్లు విడివిడిగా ఎంచుకునే కొత్త పద్ధతి తెచ్చినప్పుడు నెట్‌వర్క్ ఛార్జీకి, అంటే ఛానళ్ల ధర కాక కనెక్షన్‌కు కట్టేదానికి, 130 రూపాయల పరిమితి పెట్టింది. 2024లో ఆ పరిమితి ఎత్తేసింది గానీ, ఆ ఎంచుకునే హక్కు అలాగే ఉంది. ఆపరేటర్ ఇప్పటికీ ఆ 130 తీసుకుంటున్నాడనుకుని, ఒక్కోటి 19 అనుకుని నాలుగు తెలుగు ఛానళ్లు కలిపితే 206, జీఎస్టీతో 243. ఆపరేటర్ పెద్ద ప్యాక్ అంటగట్టి 350 వసూలు చేస్తుంటే, తీసేయడానికి ముందు ఛానళ్ల జాబితా అడిగి తగ్గించుకోండి. చిత్తూరులో తమిళం కూడా మాట్లాడే ఇళ్లవాళ్లు రెండు భాషల ప్యాక్‌లూ కడుతుంటారు. వాళ్లకు ఈ ఏరివేత ఇంకా లాభం. కాబట్టి సీరియళ్లు చూసే పెద్దవాళ్లుంటే కేబుల్ ఉంచి ప్యాక్ తగ్గించడమే మేలు. ఇంట్లో అందరూ ఫోన్లలోనే చూసేస్తుంటే ఈ నెలే ఆపేయండి. వార్తా ఛానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తున్నాయి, ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవమూ అక్కడే చూడొచ్చు.

దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ గురించి ఒక మాట. 2004 చివర్లో మొదలైన ఈ సర్వీసుకు నెలవారీ చందా లేదు, డిష్షూ బాక్సూ ఒకసారి కొనుక్కుంటే చాలు. మన ఊరి నుంచి డిష్‌ను ఆగ్నేయం వైపు తిప్పాలి, అటు ఎత్తైన అపార్టుమెంటు అడ్డుంటే కుదరదు. దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి, భారత్ ఆడే వన్డేలు, టీ20లు డీడీ స్పోర్ట్స్‌లో వస్తాయి. అయితే ఛానళ్లలో ఎక్కువ భాగం హిందీవే. క్రికెట్, దూరదర్శన్ చాలనుకునే ఇంటికి ఇంతకన్నా చవకైనది లేదు. సీరియళ్ల ఇంటికి ఇది పనికిరాదు.

తీసేయాలని నిర్ణయించుకుంటే బిల్లు కట్టకుండా వదిలేయడం మాత్రం వద్దు. ల్యాండ్‌లైన్‌ను సరెండర్ చేస్తున్నట్టు రాసిచ్చి, ఫోను అప్పగించి, రసీదు తీసుకుని డిపాజిట్ అడగండి. అంతకన్నా ముందు బ్యాంకులో, ఎల్ఐసీలో, గ్యాస్ ఏజెన్సీలో పాత నంబరు ఉంటే మార్పించండి. కేబుల్ బాక్సు సొంతమా, ఆపరేటర్‌దా అన్నది పాత రసీదులో చూసుకోండి. ఆపరేటర్‌దైతే తిరిగిచ్చి, ఇచ్చినట్టు చీటీ రాయించుకోండి.